వాలిన నిచ్చెన

అట్టలాయన కెటిల్ మూతి నుంచి వచ్చే ఆవిరికి పెట్టె మూతను అడ్డం పట్టి, బొటనవేలి గోటితో పైకాగితం అంచు లేపుతున్నాడు. తొందరపడితే కాగితం చిరుగుతుంది. ఆలస్యం చేస్తే నాని ఉబ్బుతుంది. ఈ రెండింటి మధ్య ఎంత వేగంగా పోవాలో అతనికి ఎవరూ నేర్పలేదు. బోలెడు కాగితాలు చింపి తెలుసుకున్నాడు.

పక్కన వాళ్ల అక్క నిలబడి ఉంది. ఏ పాపం ఎరగనట్టు నిలబడాలని చూస్తోంది గానీ కుదరడం లేదు.

“ఒక్క నిమిషం పెట్టానురా. పాలు పొంగుతున్నాయి, పొయ్యి గట్టు మీద చోటు లేదు, గిన్నె చెయ్యి కాల్చేస్తోంది. బల్ల మీద ఇది చదునుగా కనిపించింది.”

“ఇంతకంటే చదునైనది మీ ఇంట్లో లేదు. మంచి పెట్టె,” అన్నాడు అట్టలాయన.

“నన్ను దెప్పుతున్నావా?”

“పెట్టెను మెచ్చుకుంటున్నాను.”

గిన్నె వేడికి లోపలి అట్ట మెత్తబడి గుండ్రంగా కుంగిపోయింది. కాగితం మాత్రం కమల్లేదు. అదే అదృష్టం.

ఆ పెట్టె బావది. బావ డ్రైవింగ్ స్కూల్లో బండి నేర్పుతాడు. ఎవరైనా బండిని గోడకు గుద్దినా గొంతు పెంచడు. ఆయనకున్న పిచ్చల్లా ఒక్కటే. వెనకటి రాక్ ఆల్బమ్‌లను కంపెనీలు మళ్లీ సీడీలుగా వేసి, పెట్టెల్లో పెట్టి అమ్ముతాయి. ఒక్కో దేశానికి ఒక్కో రకం పెట్టె. ఒకచోట పక్కన కాగితం పట్టీ చుడతారు, ఒకచోట బొమ్మల పుస్తకం కలుపుతారు, ఇంకోచోట ఎవరూ అడగని పాట ఒకటి అదనంగా వేస్తారు. పాటలు మాత్రం అవే. బావ ఒకే ఆల్బమ్‌ను అన్ని దేశాల పెట్టెల్లోనూ కొని వరసగా నిలబెట్టుకుంటాడు.

ఈ పిచ్చి అట్టలాయనకు బావ నుంచే అంటుకుంది. అతని పని పెట్టెలు కట్టడం. టైర్ల దుకాణం పైన ఈ గదిలోనే చెప్పులకు, గడియారాలకు అట్టపెట్టెలు చేస్తాడు. అక్క పెళ్లయిన కొత్తలో బావ ఒక సీడీ పెట్టె తెచ్చి చేతిలో పెడితే, అతను సీడీలు తీసి పక్కన పడేసి మూలలు చూస్తూ కూర్చున్నాడు. ఆ మూల మడత ఎలా వేశారో తెలుసుకోవడానికి ఇంకో దేశం పెట్టె కొన్నాడు. అది వేరేలా ఉంది. దాంతో మూడోది కొన్నాడు. అక్కడి నుంచి వెనక్కి రాలేదు. “ఒకే పాటని ఎన్ని దేశాల నుంచి వింటారండీ?” అని వాళ్లావిడ అడిగితే, “వినడానికి కాదే,” అనేవాడు. ఆవిడ మళ్లీ అడగలేదు.

ఇప్పుడు పాడైంది నిచ్చెన ఆల్బమ్. మూత మీద ఏ గోడకీ ఆనుకోకుండా నిలబడిన ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది. బావ దీని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. వారం కిందట వచ్చింది. బల్ల మీదే పెట్టుకుని, అన్నం తింటూ చూసుకునేవాడు. లారీ డ్రైవర్లకు శిక్షణ ఇవ్వడానికి వేరే ఊరెళ్లాడు. రేపు మధ్యాహ్నం వస్తాడు.

అక్క భయం పెట్టె గురించి కాదు. ఇదివరకు ఆ పెట్టెలన్నీ డ్రైవింగ్ స్కూల్ ఆఫీసులో ఉండేవి. బావ కూడా వాటితోపాటే ఉండేవాడు. పాఠాలు అయిపోయినా అక్కడే పాటలు పెట్టుకుని కూర్చుని, అన్నం వేళకు ఇల్లు చేరేవాడు. “వాటిని ఇంటికి తెండి, నా కళ్లలో పెట్టుకుని చూసుకుంటాను,” అని అక్కే మాటిచ్చి అలమర కొనిపించింది. పెట్టెలు వచ్చాయి. వాటి వెనకే సాయంత్రాలు బావ కూడా వచ్చాడు. ఇప్పుడు ఈ గుంట చూస్తే పెట్టెలు మళ్లీ ఆఫీసుకు పోతాయి. మనిషీ పోతాడు.

“అరవరురా. అరిస్తే బాగుండును. ఒక్క మాటనకుండా అట్టపెట్టెల్లో సర్దేసుకుంటారు,” అంది.

కాగితం ఒలిచిన చర్మంలా మొత్తం ఊడి వచ్చింది. అట్టలాయన దాన్ని అద్దుడు కాగితాల మధ్య పరిచాడు. కుంగిన అట్టను కోసి తీసి, అంతే మందం ఉన్న కొత్త అట్టను కొలిచి కత్తిరించాడు. మైదా జిగురు పలచగా పూసి, మూలమట్టం పెట్టి, నిచ్చెనను నిలువుగా సరిచూసి అతికించాడు. మధ్య నుంచి అంచులకు గుడ్డతో ఒత్తుకుంటూ పోయాడు. ఒక్క బుడగ లేదు. ఇనుప దిమ్మ ఎత్తాడు.

“కొత్తదానిలా ఉందిరా!” అంది అక్క.

ఆ మాటకు అతని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. గది మూల తన అలమరలోంచి తన నిచ్చెన పెట్టెను తీసి పక్కన పెట్టాడు. అది వేరే దేశానిది. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. రెండు నిచ్చెనలూ తిన్నగా నిలబడ్డాయి.

అట్టలాయన స్టూలు మీద కూలబడ్డాడు.

“ఏమైందిరా?”

“తిన్నగా అతికించాను.”

“వంకరగా అతికించాలా?”

“అక్కా, బావ పెట్టెలో నిచ్చెన ఎడమకి వాలి ఉంటుంది. ఆ దేశం ఫ్యాక్టరీలో కాగితం జారింది. జారినవే అమ్మేశారు. లోకంలో వాలిన నిచ్చెన ఆ దేశం పెట్టెల మీద తప్ప ఎక్కడా లేదు. బావ ఇన్నేళ్లు ఎదురుచూసింది ఆ వాలు కోసం.”

“నీకు తెలిసే చేశావా?”

“నాకు తెలుసు. చేతికి తెలీదు. మూలమట్టం కనపడితే అది ఆగదు.”

అక్క రెండు నిచ్చెనలనూ మార్చి మార్చి చూసింది. “తప్పుగా ఉందని కొన్నారా!” అంది. కాసేపటికి, “నేనింకా ఏదో గొప్ప అనుకున్నాను,” అంది.

జిగురు ఇంకా పట్టలేదు గానీ, తడిసిన కాగితం రెండోసారి లేపితే చిరిగిపోవచ్చు. అట్టలాయన కెటిల్ జోలికి పోలేదు. తడిగుడ్డ పరిచి, అంచు కింద సన్నని దారం దూర్చి, రంపంలా లాగుతూ ముందుకు పోయాడు. కాగితం వచ్చింది. ఒక మూల మాత్రం నూలుపోగంత చిరిగింది.

ఎంత వాలుండాలి? అతను చెత్తబుట్టలోంచి పాత అట్ట తీశాడు. కాగితం ఎక్కడిదాకా ఉండేదో ఎండిన జిగురు గీత చెబుతోంది. ఆ గీత అంచుకు సమంగా లేదు, ఏటవాలుగా ఉంది. ఆ వాలును కొత్త అట్ట మీదికి దించుకుని, మూలమట్టాన్ని సొరుగులో పెట్టి మూసేశాడు. ఇంత శ్రద్ధగా వంకరపని అతను ఎన్నడూ చెయ్యలేదు. చిరిగిన మూలను మడత లోపలికి దాచి ఒత్తాడు. దిమ్మ కింద పెట్టి, “రేపు రా,” అన్నాడు.

మర్నాడు మూత ఆరింది. నిచ్చెన తాగినవాడిలా ఎడమకి వాలింది. అట్టలాయన పెన్సిల్ చెక్కాడు.

“అదెందుకు?” అంది అక్క.

“ఈ పెట్టెలు పోగేసే మావాళ్లలో ఒక పద్ధతుంది. బాగుచేసిన పెట్టె అయితే మూత లోపల బాగుచేసినవాడు పేరు, పని రాయాలి. ఎందరి పెట్టెల్లోనో రాశాను.”

“ఒరేయ్, నేను నీకు అక్కనిరా!”

“రేపు బావ దీన్ని ఎవరికైనా మార్పిడికి ఇస్తే, తెలీకుండానే మోసం చేసినట్టవుతుంది. నేను చేయించినట్టవుతుంది.”

“ఆయన ఎవరికీ ఇవ్వరు!”

“అయితే నువ్వు చెప్పు, రాయొద్దని. రాయను.”

అక్క పెట్టెను చూసింది. కిటికీ వైపు తిరిగింది. కింద ఎవరో టైరుకు గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగింది.

“సన్నగా రాయి,” అంది చివరికి.

రాస్తుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బావ చేతిలో సంచితో లోపలికొచ్చాడు. “ఇంటికి తాళం వేసుంది. ఇక్కడుంటావనుకున్నా. ఏం బామ్మర్దీ?” అంటూ బల్ల మీద తన పెట్టెను చూసి, సంచి కింద పెట్టాడు.

అట్టలాయన రాయడం ముగించి, మూత లోపలి పెన్సిల్ పొడి ఊది, పెట్టెను రెండు చేతులతో బావకిచ్చాడు.

బావ ముందు నిచ్చెన చూశాడు. దూరంగా పట్టుకుని వాలు చూశాడు. మూత తెరిచి లోపలి అక్షరాలు చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత భార్యను చూశాడు.

“ఏం పెట్టావు?”

“పాలగిన్నె,” అంది అక్క.

“చెయ్యి కాలిందా?”

“కొంచెం.”

బావ మూత వేశాడు. అది గాలిని బయటికి తోస్తూ మెల్లగా దిగింది. మళ్లీ తీసి మళ్లీ వేశాడు. “ఇదివరకు ఇలా దిగేది కాదు,” అన్నాడు.

“అట్ట మార్చాను,” అన్నాడు అట్టలాయన.

“ఊఁ,” అన్నాడు బావ. సంచిని భుజానికి ఎక్కించుకుని, పెట్టెను తీసి అక్క చేతుల్లో పెట్టాడు. “మనింటి అలమరలో రెండో అరలో చోటుంది. మెట్లు చూసి దిగు.”