పిండిలో రాసిన మూడు మాటలు

హైదరాబాదులో కూలికి పోయిన చోట స్లాబు కింది ఇనుప సెంట్రింగు విరిగిపడి, నా పెనిమిటి దాని కింద పోయాడు. నేను తట్ట పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నారాయణఖేడ్‌కు తిరిగి వచ్చాక కూడా ఇనుము చప్పుడు వింటే చాలు, నేను నాలో ఉండేదాన్ని కాదు. నా చేతులు ఎవరివో అనిపించేవి. మాటలు బావి అడుగు నుంచి వచ్చినట్టు వినిపించేవి.

ఒక బోనాలనాడు ఎవరో ఇనుప గేటు గట్టిగా వేశారు. నెత్తిన బోనంతో కొయ్యబారిపోయాను. పోచమ్మ నా మీదికి వచ్చిందనుకుని వాడలో ఆడవాళ్లు కాళ్ల మీద నీళ్లు పోసి, పసుపు రాశారట.

"వానలెప్పుడు పడ్తయ్ తల్లీ?" అని పక్కింటి ముసలమ్మ అడిగిందట. నేను పలకలేదట.

"అలిగింది. పోయినేడు కోడి చిన్నది కోసినం గదా" అందట ఇంకొకామె.

రెండేళ్లు నేనూ అదే నమ్మాను. జాకెట్టు ముక్కలు పెట్టి మొక్కుతుంటే బాగానే ఉండేది.

ఒకరోజు నేను కట్టెల పొయ్యి దగ్గర ఉండగా పక్కింటి వాకిట్లో గ్యాసు బండ ఠంగుమని దించారు. నేను చూస్తూనే ఉన్నాను, మనవరాలు పాకుతూ నిప్పుల దాకా పోయింది. కోడలు ఉరికొచ్చి ఎత్తుకుంది.

"అత్తమ్మా, పిల్ల కాలుతుంటె పోచమ్మ గిట్ల సూస్త కూసుంటదా?" అంది.

ఆనాటి నుంచి పిల్లను నా దగ్గర వదల్లేదు. చేనుకు పోయినా చంకన వేసుకునే పోయేది. కానీ నన్ను దవాఖానకు తీసుకుపోయిందీ ఆమే.

"తట్టుకోలేని భయానికి మనసు పక్కకు జరుగుతది. ఇది జబ్బు, నీ తప్పు కాదు. అప్పుడు కండ్ల ముందు ఉన్నవాటి పేర్లు ఒక్కొక్కటి చెప్పుకో" అంది డాక్టరమ్మ.

ఆ సమయంలో నాకు నోరు పెగలదు. ఆ మాట చెబితే, కోడలు యాభై దాటిన నా చేతికి పలక ఇచ్చింది.

"నోరు రాకుంటె వేలుతోటి రాయి. నేను నేర్పిస్త" అంది.

అక్షరాలు నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. జబ్బు పూర్తిగా పోలేదు. మొన్న రొట్టెలు చేస్తుంటే ఎదురింటి ముందు ఇనుప సలాకలు దించారు. చేతులు నాకు దూరమవుతున్నాయి. పీట మీది జొన్నపిండిలో వేలు పెట్టాను. చాట. కుండ. పాప. మూడో మాట రాసేసరికి పిండి చల్లగా తగిలింది. వేలు నాదే.

కోడలు వచ్చి పిండిని చూసింది, నన్ను చూసింది.

"పిండంత ఆగం జేసినవ్ గదా అత్తమ్మా" అంది.

పొయ్యి ఆర్పి, రొట్టెలు మూటగట్టుకుని, పిల్లను నా ఒడిలో కూర్చోబెట్టి చేనుకు పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. నాకు అంత పెద్ద మొక్కు ఎవరూ మొక్కలేదు.