ఆదివారం మేత

ఆ రోజుల్లో మా నిజామాబాదులో ఫ్యాను కింద కుర్చీ ఉన్న ఉద్యోగం దొరికితే చాలు, ఆ కుర్చీలో కూర్చుని చేసే పనేమిటని ఎవరూ అడిగేవాళ్లు కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బోధన్ రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో నాకు గుమాస్తా పని దొరికింది. మా అమ్మ చర్చిలో కనిపించిన వాళ్లందరికీ "మావోడు మందుల కాలేజీల చేరిండు" అని చెప్పుకుంది. దాంతో కొందరు నేను డాక్టరీ చదువుతున్నాననుకుని వాళ్ల మోకాళ్ల నొప్పులు నాతో చెప్పుకోవడం మొదలుపెట్టారు. (నేనూ కాదనలేదు. శ్రద్ధగా విని, కొన్నాళ్లు చల్లటివి మానెయ్యమని చెప్పేవాడిని.) అసలు సంగతేమిటంటే, ఇంటర్వ్యూలో మా ప్రిన్సిపాలు, అంటే మేమంతా పెద్దసారు అని పిలిచే ఆయన, నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా దరఖాస్తు చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "అక్షరం మంచిగుంది. రేపటి సంది కుందేళ్లు నీయి" అన్నారు.

కుందేళ్లంటే కుందేళ్లే. కాలేజీ వెనక రేకుల గదిలో పన్నెండు కుందేళ్లు, రెండు వరసల తెల్ల ఎలుకలు ఉండేవి. పిల్లల ప్రాక్టికల్సుకు అవి కావాలి. అయితే అప్పటికి కొత్తగా ఢిల్లీ నుంచి రూల్సు వచ్చాయి. ప్రయోగాలకు జంతువుల్ని పెంచే ప్రతి కాలేజీ రిజిస్ట్రేషను తెచ్చుకోవాలి, ఒక కమిటీ వేసుకోవాలి, ఆ కమిటీ ఒప్పుకుంటే తప్ప ఒక్క ఎలుక తోక కూడా ముట్టుకోకూడదు. ఇక రిజిస్టర్ల గురించి చెప్పనక్కర్లేదు. ఏ జీవి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఈనింది, ఎప్పుడు పోయింది, గదిలో వేడి ఎంత, ఏ పూట ఏం తిన్నది, అన్నిటికీ గళ్లున్నాయి. ఆ గళ్లు నింపడమే నా ఉద్యోగం. జంతువుల్ని నిజంగా చూసుకునే ఆయన వేరే ఉన్నాడు. వర్ని అవతల నుంచి రోజూ బస్సులో వచ్చే యాభై ఏళ్ల మనిషి, కాలేజీ అంతా ఆయన్ని కుందేలన్న అనేది. నాకు ఆ గది వాసన పడదు. అందుకని కిటికీ బయటే నిలబడి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "అన్నా, అందరు మంచిగున్నరా?" అని కేకేసేవాడిని. "మంచిగున్నరు తమ్మీ" అని లోపలి నుంచి జవాబు వచ్చేది. నేను వచ్చి ఫ్యాను కింద కూర్చుని, మేత ఇవ్వడమైనది, నీరు ఇవ్వడమైనది అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడిని. ఆదివారం కాలేజీకి సెలవు కదా, మరి ఆ గడి ఖాళీగా ఉంటే బాగుండదు కదా అని, దాన్ని శనివారం మధ్యాహ్నమే నింపేసేవాడిని. ఇందులో తప్పుందని నాకు తోచకపోగా, పని ముందే పూర్తిచేసే మనిషినని నా మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఇలా సుఖంగా సాగుతుండగా, రెండు వారాల్లో తనిఖీ ఉందని ఉత్తరం వచ్చింది. మా కమిటీలో డాక్టర్లూ లెక్చరర్లూ ఉన్నారు గానీ, రూలు ప్రకారం సైన్సుతో సంబంధం లేని బయటి మనిషి ఒకరుండాలి. ఆ కుర్చీ ఖాళీ. రిజిస్ట్రేషను రాకపోతే ప్రాక్టికల్సు లేవు, ప్రాక్టికల్సు లేకపోతే ఆఖరి సంవత్సరం పిల్లలకు ఆ ఏడు పోయినట్టే. పెద్దసారు నన్ను పిలిచి తలుపు దగ్గరికి వెయ్యమన్నారు. "సైన్సు రానోళ్లు కావాలె. మర్యాదస్తులు కావాలె. ఎక్కువ మాట్లాడనోళ్లు కావాలె" అన్నారు. (మూడోది ఢిల్లీ రూల్సులో లేదు, సారు సొంతంగా కలిపింది.) "గిది మంచిగ గట్టెక్కితె నీ కొలువు పర్మినెంటు. గట్టెక్కకుంటె..." అని అక్కడ ఆపి కిటికీ వైపు చూశారు. ఆ కిటికీలోంచి బస్టాండుకు వెళ్లే దారి కనిపిస్తుంది. మా అమ్మ నా ఉద్యోగం గురించి చెప్పని మనిషి ఊళ్లో మిగలలేదు. పోతే ఏ మొహం పెట్టుకుని చర్చికి వెళ్లాలి?

సైన్సు రానివాళ్లు, మర్యాదస్తులు అనగానే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో మేట్రనుగా చేసి రిటైరైంది. నల్ల గొడుగు, దారం కట్టిన కళ్లద్దాలు, ఇస్త్రీ చీర. (మూడో షరతు సంగతి నేను ఆలోచించదలచుకోలేదు.) వెళ్లి అడిగాను.

"సంతకం ఎందుకు పెట్టాల్నట?"

"ఊకె పెట్టాలె పెద్దమ్మా. కాయిదాల మీద ఉండాలె, అంతే."

"ఊకె పెట్టే సంతకం నేను నా పెండ్లిల గూడ పెట్టలేదురా. పాదిరిగారిని ఆపి, మొత్తం సదివి పెట్టిన" అంది పెద్దమ్మ. అయినా చెల్లెలి కొడుకు ఉద్యోగం అనేసరికి గొడుగు తీసుకుని బయల్దేరింది.

మీటింగు శనివారం మధ్యాహ్నం. కమిటీ అంతా వచ్చింది. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. పెద్దసారు కాగితాలు గబగబా చదివేసి, పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోట చూపించి, "ఇక్కడ అమ్మా" అన్నారు. పెద్దమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది. "కుందేళ్లను ఏం జేస్తరు సార్?" అని అడిగింది. కంట్లో మందు చుక్క వేసి, కనుపాప పెద్దదవుతుందా చిన్నదవుతుందా చూస్తామని సారు చెప్పారు. "మంట లేస్తదా?" "లేదమ్మా, అస్సలు లెవ్వది." "మీరు ఏసుకొని సూసిన్రా?" సారు చాయ్ కప్పు ఎత్తి చాలాసేపు తాగారు. అందులో చాయ్ ఎప్పుడో అయిపోయింది. తర్వాత ఆవిడ లేచి నిలబడి, "నేను వంటిల్లు సూడకుండ హాస్టల్ బుక్కుల ఎన్నడు సంతకం పెట్టలే. పోయి సూసొద్దాం పాండ్రి" అంది. కమిటీ అంతా, చేతుల్లో బిస్కెట్లతో సహా, రేకుల గదికి నడిచింది.

కుందేలన్న మమ్మల్ని చూసి తలకు చుట్టుకున్న తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. పెద్దమ్మ ప్రతి జాలీ పెట్టె ముందూ ఆగింది. నీళ్ల సీసాలు నొక్కి చూసింది. కింది తట్టలు లాగి చూసింది. ఒక కుందేలు చెవి వెనక వేలు పెట్టి చూసి "గజ్జి లేదు, శాన మంచిగ వెట్టినవ్" అంటే కుందేలన్న ముఖం వెలిగిపోయింది. అంతా సవ్యంగా జరుగుతోందని నేను ఊపిరి పీల్చుకుంటుండగా, కమిటీ వస్తోందని నేను కుందేలన్న చేత గోడకు తగిలించిన మేత రిజిస్టరు ఆవిడ చేతికి చిక్కింది. అద్దాల్లోంచి చూసింది. వేలు పెట్టి ఒక గడి దగ్గర ఆగింది.

"ఇయ్యాల ఏ వారంరా?"

"శనివారం పెద్దమ్మా."

"మరి రేపటి మేత ఇయ్యాల్నే తిన్నయా?"

పెద్దసారు నా వైపు చూశారు, కమిటీ పెద్దసారు వైపు చూసింది. కుందేలన్న మాత్రం నన్ను కాపాడదామనే అనుకున్నాడు పాపం. "తమ్మిది తప్పు లేదమ్మా. ఆదారం బస్సులు సరిగ ఉండయి, నేను రాను. శనారం మాపటికి రెండంతల మేత ఏసి పోత. ఎలుకలు దాసుకుంటయి. గీ కుందేళ్లకు గంత తెలివి లేదు. తెల్లారేవరకు అంత తిని ఒడగొట్టుకుంటయి. సోమారం నా చెప్పుల సప్పుడు ఇనంగనే అన్ని లేసి, జాలి వట్టుకొని నిలవడ్తయి" అన్నాడు.

నేను అప్పటిదాకా ఆ గదిలోకి అడుగు పెట్టలేదని చెప్పాను కదా. అప్పుడు తల తిప్పి చూస్తే, అంచు చిరిగిన చెవి ఉన్న కుందేలొకటి ముక్కు కదిలిస్తూ నన్నే చూస్తోంది. నాకు చాలా సిగ్గేసింది. పుస్తకంలో ప్రతి ఆదివారం దానికి కడుపు నిండా తినిపించింది నేనే మరి.

"మా హాస్టల్ల ఆదివారం బడి బందుండె గని, వంటిల్లు బందు లేకుండె సార్" అంది పెద్దమ్మ, గొంతు పెంచకుండానే. తర్వాత తీర్పు చెప్పింది. ఆ గడి అందరి ముందూ నేనే కొట్టెయ్యాలి. రేపటి నుంచి ఆదివారం మేత, రాసినవాడే వచ్చి పెట్టాలి. ఇదంతా మీటింగు పుస్తకంలో ఎక్కాలి, అదీ తనకు అర్థమయ్యే తెలుగులో. అప్పుడు గానీ సంతకం పెట్టదు. ఆదివారం తనను రమ్మనలేదు కాబట్టి పెద్దసారు వెంటనే ఒప్పుకుని, "ఏం జరిగిందో అది రాయి" అని నాకు చెప్పి వెళ్లిపోయారు.

ఏం జరిగిందో అది రాయమంటే నేను నిజంగానే ఏం జరిగిందో అది రాశాను. మినిట్సు ఎలా రాస్తారో నాకు ఎవరు నేర్పారు గనక? చాయ్ చల్లారిపోయిన సంగతి రాశాను. 'మీరు వేసుకుని చూశారా అన్న ప్రశ్నకు ప్రిన్సిపాలుగారు జవాబు చెప్పక ఖాళీ కప్పు తాగారు' అని రాశాను. 'ఈ గుమాస్తా ఆదివారం మేతను శనివారమే రాస్తున్నట్టు తేలింది, అతను తల దించుకున్నాడు' అని రాశాను. ఆరు పేజీలైంది. పెద్దమ్మ ప్రతి లైనూ చదివి, రెండు చోట్ల దీర్ఘాలు సరిచేసి సంతకం పెట్టింది. పెద్దసారు మాత్రం ఇంటూ గుర్తు చూసి పెట్టేశారు.

మర్నాడు చర్చి అయ్యాక, ఆరాధన కోసం వేసుకున్న తెల్ల చొక్కాతోనే కాలేజీకి వెళ్లాను. పెద్దమ్మ గొడుగు వేసుకుని తోడు వచ్చింది. మేత డబ్బా మూత తీసిన చప్పుడుకు కుందేళ్లన్నీ లేచి జాలీ పట్టుకున్నాయి. గోలీల మేత పోశాను, గరిక కట్ట విప్పి పంచాను. చిరిగిన చెవి దాన్ని ఎత్తి పట్టుకోమని పెద్దమ్మ నా చేతుల్లో పెట్టింది. అది వెంటనే నా చొక్కాను సర్వనాశనం చేసింది. 'మేత పెట్టాను. నీళ్లు మార్చాను. చొక్కా పాడైంది' అని రిజిస్టర్లో రాశాను.

తనిఖీ రోజు రానే వచ్చింది. వచ్చినాయన పశువైద్యుడు, సన్నగా, గంభీరంగా ఉన్నాడు. చెరుకు సీజను కదా, ఆయన జీపు బండ్ల వెనక చిక్కుకుని రెండు గంటలు ఆలస్యమైంది. చికాకుగా దిగి, పూలదండ పక్కన పెట్టేసి, స్వీట్లు తనకు పడవని చెప్పి, రిజిస్టర్లు అడిగాడు. పేజీలు తిప్పుతూ "అన్ని కాలేజీలల్ల ఇవే ముత్యాలు" అన్నాడు. అది మెచ్చుకోలు కాదని నాకు కూడా అర్థమైంది. అప్పుడు మీటింగు పుస్తకం తెరిచాడు. మొదట మనసులో చదివాడు. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని పైకి చదవడం మొదలుపెట్టాడు. ఖాళీ కప్పు దగ్గరికి వచ్చేసరికి పెద్దసారు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. 'తల దించుకున్నాడు' దగ్గర నేను మళ్లీ దించుకున్నాను. నా ఉద్యోగం అయిపోయిందనే అనుకున్నాను. అమ్మకు ఎలా చెప్పాలా అని మాటలు కూడా కూర్చుకుంటున్నాను.

"ఈ గుమాస్తా ఎవరు?"

చెయ్యెత్తాను.

"మొన్న ఆదివారం చొక్కా ఎట్ల పాడైంది?"

"చిరిగిన చెవి కుందేలు, సార్... ఎత్తుకున్న. నాకు అలవాటు లేకుండె."

ఆయన ఒక్కసారిగా నవ్వాడు. అంత గంభీరమైన మనిషి కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు. "ఏ పుస్తకం తెరిచినా తప్పు ఒక్కటి కనబడది. తప్పు రాసుకున్న పుస్తకం ఇయ్యాల్నే చూసిన" అని, బయట బెంచీ మీద కూర్చున్న పెద్దమ్మను పిలిపించాడు. "ఇంకేమన్న చెప్పేదుందా అమ్మా?" అని అడిగాడు. ఎందుకు లేదు! ఎండాకాలం వస్తోందని, రేకుల కింద మనుషులే ఉండలేరని, కిటికీలకు గోనెపట్టాలు కట్టి పూటకు రెండుసార్లు తడపాలని చెప్పింది. ఆయన అది షరతుగా రాసుకుని రిజిస్ట్రేషనుకు సిఫారసు చేసి వెళ్లిపోయాడు.

జీపు గేటు దాటాక పెద్దసారు నా వైపు తిరిగారు. "ఇగ నుంచి మినిట్సు నాకు సూపియ్యకుండ పెట్టకు" అన్నారు. రెండడుగులు వేసి ఆగి, "మీ పెద్దమ్మను మల్లొచ్చేసారి గూడ రమ్మను" అన్నారు. ఆ వేసవిలో నా పర్మినెంటు ఆర్డరు వచ్చింది. 'ఆదివారం డ్యూటీతో సహా' అని ఆయన కింద చేత్తో రాశారు.

ఆ తర్వాత నేను వేరే ఉద్యోగంలో చేరాను. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ గొడుగు మా ఇంట్లోనే ఉంది, ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు. మొన్నామధ్య ఇంకో కాలేజీ వాళ్లు వచ్చి, సైన్సు రాని మర్యాదస్తుడు కావాలి, కమిటీలో కూర్చోమని నన్ను అడిగారు. (మూడో షరతు పైకి చెప్పలేదు గానీ, వాళ్ల కళ్లల్లో కనిపించింది.) ఈ పొట్ట, ఈ బట్టతల చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది కదా. మీటింగుకు వెళ్లాను. చాయ్ తాగాను. గుమాస్తాగా కొత్తగా చేరిన అమ్మాయి పెన్సిలు గుర్తు చూపించి "ఇక్కడ సార్" అంది. నాకు బోధనులో ఒక పెళ్లికి వెళ్లాలి, బస్సు టైమైంది. సంతకం గీకేసి లేచాను. మెట్లు దిగుతుండగా ఎందుకో అడిగాను, ఈ రోజు ఏ వారమని. శనివారం అన్నాడు వాచ్‌మన్.

తిరిగి మెట్లెక్కాను. "అమ్మా, మేత రిజిస్టరు ఒకసారి తెస్తవా?" అన్నాను. ఆ అమ్మాయి తెచ్చింది. అక్షరం చాలా అందంగా ఉంది. రేపటి గడి నిండి ఉంది. నా వేలు దాని మీద ఆగగానే ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది, అచ్చం అప్పటి నా ముఖమే. పెద్దమ్మ అడిగిన ప్రశ్న నా నాలిక చివర దాకా వచ్చింది గానీ, అడిగే అర్హత నాకెక్కడిది? పెళ్లి కూడా ఆ బస్సుతోనే వెళ్లిపోయింది. "రేపు ఎన్ని గంటలకు వస్తవో చెప్పు బిడ్డా, నేను గూడ వస్త" అని, తెల్లటి బట్టలు మాత్రం వేసుకుని రావద్దని చెప్పాను.