చదవకుండా దాటేసిన వాక్యం

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. భార్యకు చెప్పలేదు. నాతో పనిచేసేవాళ్లకు చెప్పలేదు. నువ్వెవరో తెలియదు కనుక నీకు చెప్పగలుగుతున్నాను.

నేను లాయర్ని. కంపెనీల పనితోపాటు ట్రస్టులకు, సేవాసంఘాలకు నిబంధనలు రాసిపెడతాను. మాది బచ్చన్నపేట దగ్గర భూములున్న కుటుంబం. మహబూబాబాద్ పక్కన ఒక తండాలో మంగ్లి అనే లంబాడీ ఆమె ఆడపిల్లల హాస్టల్ నడిపేది. కూలికి వలసపోయినవాళ్ల పిల్లలు. మొదట ముగ్గురిని తన ఇంట్లోనే పెట్టుకుని వండిపెట్టింది. ముప్పైమంది అయ్యాక దాన్ని సంఘంగా రిజిస్టర్ చేయించింది నేనే. ఆమే అధ్యక్షురాలు. నన్ను తమ్మీ అని పిలిచేది.

తర్వాత భూపాలపల్లి నుంచి ఒక పెద్దమనిషి సంఘంలో చేరాడు. పక్కా భవనం కట్టిస్తానన్నాడు. చదువురాని మనిషి అధ్యక్షురాలిగా ఉంటే బాగుండదన్నాడు, నాతో మాత్రమే. తన మిగతా సంస్థల పనులన్నీ నాకే ఇస్తానని కూడా అన్నాడు. నేను కొత్త నిబంధనలు రాశాను. అందులో ఒకటి, కార్యవర్గంలో ఉండేవాళ్లు పదో తరగతి పాసై ఉండాలని.

మంగ్లక్కకు సంతకం వచ్చు, చదవడం రాదు. ఆ సంతకమూ హాస్టల్ పిల్లలు నేర్పిందే. కొత్త నిబంధనల మీద ఆమె సంతకం తీసుకునే మధ్యాహ్నం తండా ఆడవాళ్లంతా చాపల మీద కూర్చుంటే నేను కాగితం చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గర నా కన్ను కిందికి జారింది. జారిందా? కాదు. నేనే దాటించాను.

"అంత సదివినవా తమ్మీ?"

"మొత్తం చదివినక్కా."

"నువ్వు సదివినవంటె నాకింకేం పరేషాన్ లేదు."

ఒక్కో అక్షరం మెల్లగా దిద్దుతూ సంతకం చేసింది.

రెండు నెలలకే ఆ నిబంధన చూపించి ఆమెను తీసేశారు. హాస్టల్ భూపాలపల్లికి మారింది. అంతదూరం పంపలేక చాలామంది తమ పిల్లల్ని వెంట కూలికి తీసుకుపోయారు. సంతకం ఉంది, తీర్మానం ఉంది, కాబట్టి అంతా చెల్లుతుందని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. చెల్లితే, మహబూబాబాద్ పనులన్నీ జూనియర్లకు ఎందుకు అప్పగించాను?

నిరుడు జనగామ కోర్టు బయట ఒక అమ్మాయి నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టింది. ఆ హాస్టల్లో చదువుకున్న పిల్ల. మంగ్లక్క ఎండాకాలంలో చనిపోయిందని చెప్పింది. లాయరే మోసం చేసిండని తండాలో అందరూ అంటే ఆమె ఒప్పుకునేది కాదట. "తమ్ముడు అంత సదివిండు, నేనే సక్కగ ఇనలే" అనేదట, చివరిదాకా.

ఆ పిల్లకు అప్పుడే నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నన్ను ఇంకా మంచివాడిగా చూస్తున్న ఆ కళ్ల ముందు నోరు రాలేదా, లేక చనిపోయినామె నమ్మకం వెనక దాక్కోవడం హాయిగా అనిపించిందా? రెండోదే అనుకుంటాను.

మంగ్లక్క సరిగ్గానే విన్నది. నేనే చదవలేదు.

నన్ను క్షమించమని నిన్ను అడగను. అది ఆమె చేతిలో ఉండేది, ఆమె లేదు. ఇంత రాశాక కాస్త ఊపిరాడుతోంది. అంతకన్నా ఎక్కువ నాకు దక్కకూడదు.