రెండు వైపులా పిన్నులున్న తీగ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, గుణదలలో మా సందు మొత్తానికీ డాబా మీద సోలారు పలక ఉన్నది మా ఇంటికే. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. నా టైము మాత్రం ఎప్పుడూ బాగుండేది కాదు. మాదీ పక్కవాళ్లదీ సందులో చివరి ఇళ్లు. వేసవిలో ఓల్టేజి మా దాకా నడవలేక దారిలోనే కూర్చుండిపోయేది. మా అమ్మకి, అదే అమ్మీకి, ఉబ్బసం. మందుని ఆవిరిగా పీల్పించే మిషను ఆగకూడదనే పలక, బ్యాటరీ, ఇన్వర్టరు పెట్టించాను.

ఇన్వర్టరు డాబా మీది గదిలో, అమ్మీ కింద మంచం మీద. కిందిదాకా విడిగా వైరింగు చేయించడానికి బద్ధకించి, రెండు చివర్లా పిన్నులున్న తీగ తయారుచేశాను. ఒక పిన్ను ఇన్వర్టరులో, రెండోది గోడ ప్లగ్గులో గుచ్చితే ఇల్లంతా కరెంటు. ముందు మెయిన్ దించాలి, లేకపోతే మన కరెంటు వీధిలోకి పోతుంది. రోజూ దించేవాణ్ణే.

ఆ మధ్యాహ్నం గాలిదుమారానికి మా స్తంభం దగ్గర తీగ తెగింది. అప్పుడే అమ్మీకి ఆయాసం ఎక్కువైంది. పెదాలు నల్లబడుతున్నాయి. పైకి పరిగెత్తి పిన్నులు గుచ్చాను. పోయిన కరెంటుకి మళ్లీ మెయిన్ దించడమెందుకనుకున్నాను.

మిషను మొదలైంది. అమ్మీ రెండు గుక్కలు పీల్చిందో లేదో, పక్కింటావిడ గోడ మీంచి అడిగింది.

"అన్నయ్యగారూ, కరెంటొచ్చిందా? మా బల్బు మినుకుమినుకుమంటోంది."

వీధిలోకి చూశాను. నిచ్చెన మీద లైన్‌మన్, చేతిలో తెగిన తీగ.

మిషను ఆపితే అమ్మీ. ఆపకపోతే అతను. పైకి ఎలా ఎక్కానో తెలీదు, పిన్ను పీకేశాను. కింద అమ్మీ గొంతులో పిల్లికూతలు మళ్లీ మొదలయ్యాయి.

అతను కుడిచెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "లైను ఆపించే ఎక్కానండీ. ఇదెక్కణ్ణుంచొచ్చింది?"

"మా ఇంట్లోంచే."

"సాయిబుగారూ, మీరు సబ్‌స్టేషను పెట్టినట్టు మాకు చెప్పలేదే."

పైనున్న ఇన్వర్టరు సంగతీ, పిన్నుల తీగ సంగతీ చెప్పి తప్పయిందనబోయాను. అతను అప్పటికే అమ్మీని చూస్తున్నాడు.

"ఇక ఆ తీగ ముట్టుకోకండి. అమ్మగారినే పైకి తీసుకెళ్దాం, మిషను నేరుగా ఇన్వర్టరుకి పెట్టొచ్చు. కుర్చీ తెండి."

ఇన్నేళ్లలో నాకు తట్టని సంగతి అది. కుర్చీని నేను రెండు చేతులతో, అతను ఎడంచేత్తో పట్టుకున్నాం. మెట్ల మలుపులో అమ్మీ తల వాలిపోయింది. పైన మిషను గురగురమంటుంటే ఇద్దరం ఆవిడ గుండెల వంకే చూస్తూ నిలబడ్డాం. చాలాసేపటికి కళ్లు తెరిచి, అతనికి మంచినీళ్లిమ్మని నాకు సైగ చేసింది.

గ్లాసు ఎడంచేత్తోనే అందుకున్నాడు. షాకు కొట్టిన కుడిచెయ్యి అలాగే కిందికి వేలాడుతోంది.

కరెంటిచ్చి తనని బతికించింది అతనేనని అమ్మీ అనుకుంది. బతికున్నన్నాళ్లూ నమాజు తర్వాత అతని చేతులు చల్లగా ఉండాలని దువా చేసేది. నేను పక్కనే కూర్చుని ఆమీన్ అనేవాణ్ణి. ఆ చేతికి ఏం చేశానో మాత్రం చెప్పలేకపోయాను.