చప్పట్లు కొట్టిన పాపానికి

ఇళ్ల కొరత తీర్చడానికి ప్రభుత్వం అనుమతుల పద్ధతి సులభం చేసిందని పేపర్లో చదివి నేనూ సంతోషించాను. చాలా ఏళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో కిరాయికి ఉంటున్నదాన్ని, ఇళ్లు ఎక్కువైతే అద్దెలు తగ్గుతాయన్న ఆశ ఉండదా? అంతా నిబంధనల ప్రకారమేనని స్థలం యజమాని తనకు తానే ఆన్‌లైన్‌లో రాసిచ్చుకుంటే చాలట, అనుమతి వచ్చేస్తుందట. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగే బాధ ఉండదట. ఎవరికి ఉండదో అప్పుడు నాకు తట్టలేదు.

నేను సినిమాలకి డబ్బింగ్ చెబుతాను. నేనుండేది కొండవాలులో రెండంతస్తుల ఇంట్లో, పై వాటాలో. కింద ఓనరమ్మ ఒక్కతే ఉంటుంది. షేక్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. భర్తతో కలిసి రాళ్లు మోసి కట్టుకున్న ఇల్లది, అది తప్ప ఆమెకి ఇంకేమీ లేదు.

మా ఇంటికి పైన, జూబ్లీహిల్స్ వైపు ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్ మొదలైంది. బిల్డర్ ఒకప్పుడు నిర్మాత. అందుకని భూమిపూజ కూడా సినిమా ఓపెనింగ్‌లా చేశాడు. షామియానా, క్లాప్‌బోర్డు, దండ వేసిన కెమెరా. ఇంటింటికీ తిరిగి పిలిచాడు. సినిమావాళ్లలో ముహూర్తానికి పిలిస్తే పడనివాడైనా వెళ్లి తీరతాడు. వెళ్లకపోతే ఎదుటివాడి చెడు కోరినట్టే లెక్క. నేను వెళ్లాను, రానన్న ఓనరమ్మని కూడా లాక్కెళ్లాను. బిల్డర్ కొబ్బరికాయ కొట్టి "చప్పట్లండీ!" అన్నాడు. కొట్టాం. పులిహోర తిని వచ్చాం.

వారం తిరక్కుండానే సెల్లార్ కోసం బండ పేల్చడం మొదలుపెట్టారు. పేల్చినప్పుడల్లా నా వంటింట్లో గిన్నెలు మోగేవి. మొదట పెచ్చులు రాలాయి. ఆ తర్వాత కింది వాటాలో గోడ నిలువునా చీలింది. ఓనరమ్మ ఆ పగుల్లో గుడ్డలు కుక్కి, పైన క్యాలెండర్ తగిలించుకుంది. అది చూస్తే కడుపు మండిపోయింది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఆమెని వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకే వెళ్లాను.

అధికారి చిన్నవాడు, మర్యాదగానే కూర్చోమన్నాడు. "పర్మిషన్ సిస్టమ్ ఇచ్చిందండీ, మేం కాదు," అన్నాడు. వచ్చి చూడమన్నాను. "కట్టడం పూర్తయ్యాకే ఇన్‌స్పెక్షన్ మేడమ్. మధ్యలో ఆపితే ప్రాజెక్టు డిలే అవుతుంది."

"పూర్తయ్యేదాకా ఈమె ఇల్లు నిలబడొద్దూ?" అని అరిచాను. అతను తలెత్తి, "మీ గొంతు ఎక్కడో విన్నానండీ," అన్నాడు. ఏ హీరోయిన్ ఏడుపులోనో విని ఉంటాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

అప్పుడు కంప్యూటర్ మా వైపు తిప్పాడు. నా ఫిర్యాదుకి జవాబుగా బిల్డర్ ఒక వీడియో పెట్టాడట, చుట్టుపక్కలవాళ్లందరికీ ఇష్టమేనని. అందులో మేమే ఉన్నాం. నేను నవ్వుతూ చప్పట్లు కొడుతున్నాను. ఓనరమ్మ కొంగు కప్పుకుని దండం పెడుతోంది.

"పూజకు పిలిస్తే పోయినం సారూ. ఇల్లు కూలగొట్టుకోమని చెప్పనీకి పోయినమా?" అందామె. అతను మౌస్ కదుపుతూ కూర్చున్నాడు.

ఇళ్లు తొందరగా కట్టొద్దని నేననను. యూసుఫ్‌గూడ ఇరుకు గదుల్లో నలుగురేసి సర్దుకుంటున్న మా జూనియర్ ఆర్టిస్టులకి ఇళ్లు అక్కర్లేదా? కానీ మా నెత్తిన లేస్తున్నవి వాళ్ల కోసం కాదు. ఫ్లాటుకి రెండు కార్ల జాగా, పైన ఈతకొలను. ఆ సంబడానికి ఉన్న ఇల్లు పగలాలా? తొందరంతా కట్టేవాడి కోసమే. ఇల్లు కూలిపోతోందని మొత్తుకునేవాళ్ల పని మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఎన్నోసార్లు ఫోన్లు చేశాక, ఎట్టకేలకు ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఓనరమ్మ క్యాలెండర్ తీసి పగులు చూపించింది. వాళ్లు ఫొటోలు తీసుకున్నారు. ఆమె సంబరంగా కుర్చీలేసి, అల్లం దంచి చాయ్ పెట్టింది. కప్పులు కింద పెట్టి, బయటికెళ్లి, నోటీసు అంటించి పోయారు. పై స్థలానికి కాదు, మా గేటుకి. ఈ ఇల్లు ప్రమాదకరంగా ఉంది, వెంటనే ఖాళీ చేయాలి.

ఆమెకి చదువు రాదు. "పని బంద్ జేయమని రాసిన్రా బిడ్డా?" అని అడిగింది.

"లేదమ్మా. మనల్నే పొమ్మన్నారు."

ఆమె నమ్మలేదు. నోటీసు వైపు, నా మొహం వైపు చూసింది.

"అట్లెట్ల రాస్తరు? మన ఇంట్ల చాయ్ తాగిన్రు గదా," అంది.