వాల్వు మీద ఓటింగు

నీళ్ళాయన అంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎవరైనా చూపిస్తారు. ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప మరెక్కడా లేదు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని ఒకటే. తెల్లారగానే ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని వస్తాడు. తాళంచెవి అంటే జేబులో పట్టేది కాదు, నడుమెత్తు ఉంటుంది. తిప్పడానికి పైన అడ్డకడ్డీ. రోడ్డు పక్క గుంత మూత తీసి, దాన్ని లోపలికి దించి, వాల్వు తిప్పి నీళ్ళు వదులుతాడు.

ట్యాంకు ఒకటే, పెద్ద గొట్టం ఒకటే, వీధులు రెండు. పల్లపు వీధిలో రెండు వందల పైచిలుకు ఇళ్ళు, మిట్ట వీధిలో నలభై. రెండు వాల్వులూ బార్లా తెరిస్తే నీళ్ళన్నీ పల్లానికే పోతాయి, మిట్ట మీది కుళాయిలు బుస్సుమని గాలి వదులుతాయి. అందుకని పల్లానికి ముప్పావు గంట నిండుగా వదిలి, ఆ తర్వాత వాళ్ళ వాల్వును పదకొండు చుట్లు బిగిస్తాడు. పూర్తిగా కట్టెయ్యడు, సన్నధార ఉంచుతాడు. పది చుట్లయితే నీళ్ళు మిట్ట ఎక్కవు. పన్నెండయితే పల్లంలో చివరి ఇళ్ళవాళ్ళు ఊరుకోరు. ఈ పదకొండు ఏ ఇంజినీరూ చెప్పలేదు, తిట్లు తిని తిని ఆయన తెలుసుకున్న లెక్క.

తిట్లంటే ఆయనకు బాధ లేదు. వెనకటికి ఎవరికి కోపమొచ్చినా పళ్ళు తోముకుంటూనే గుంత దగ్గరికి వచ్చి నిలదీసేవారు. ఆయన మూత పక్కకు జరిపి, ఏ గొట్టం ఎటు పోతుందో చూపించేవాడు. వాళ్ళు నాలుగు మాటలని, నురగ ఉమ్మేసి వెళ్ళిపోయేవారు. మర్నాడు అంతా మామూలే.

ఈసారి వార్డు ఎన్నికలకు పదిరోజుల ముందు ఎవరో డాబా మీద నుంచి వీడియో తీశారు. పద్దెనిమిది సెకన్లు. ఒక టోపీ, ఒక వీపు, వాల్వు బిగిస్తున్న రెండు చేతులు, వెనక ఉరుములాంటి సంగీతం. కింద ఇలా రాసి ఉంది: "మన నీళ్ళు కట్టేసి మిట్టకు తోలుతున్నారు. ఎవరు చేయిస్తున్నారో తెలుసుగా?" పోటీలో ఉన్న ఇద్దరిలో ఒకాయన మిట్ట మీది మనిషి మరి.

అబద్ధం అందామంటే అబద్ధమూ కాదు. చేతులు నీళ్ళాయనవే, వాల్వు ఆ వీధిదే. అంతకుముందు ముప్పావు గంట నిండుగా పారిన నీళ్ళను మాత్రం ఎవరూ తియ్యలేదు. కుళాయిలో నీళ్ళొస్తుంటే వీడియో తీసేదేముంది, బిందె పెట్టుకోవడం తప్ప! ఇదివరకు ఓట్లడిగేవాళ్ళు గుమ్మం గుమ్మం ఎక్కి, కాలవ కంపు గురించి కాసేపైనా విని వెళ్ళేవారు. ఈసారి పల్లం అభ్యర్థికి ఆ శ్రమ తప్పింది. ఆయన బదులు వీడియోనే ఇల్లిల్లూ తిరిగింది. ఆయనే గెలిచాడు.

గెలిచి, వాల్వు బిగించనివ్వనన్న మాట నిలబెట్టుకుందామని పల్లపు వీధి వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెట్టాడు. మన వాల్వు బిగించాలా, వద్దా? సాయంత్రానికల్లా వద్దన్నవారు రెండు వందల పన్నెండు, బిగించమన్నవారు ముగ్గురు. మిట్టవాళ్ళు ఆ గ్రూపులో లేనే లేరు. మర్నాడు ఇంజినీరు నీళ్ళాయన చేతిలో కాగితం పెట్టాడు. పల్లం వాల్వు బిగించకూడదు.

"సార్, మనం ఓటేస్తే నీళ్ళు మిట్టెక్కుతాయా?" అన్నాడు నీళ్ళాయన.

"నాకు తెలీదటయ్యా? కానీ ప్రజాభిప్రాయం అంటున్నారు. వాళ్ళ దగ్గర రెండొందల పన్నెండు ఉంది. నా దగ్గరేముంది చూపించడానికి?" ఇంజినీరు తల పట్టుకున్నాడు. "వాళ్ళే ఆ గ్రూపులో బిగించమని రాస్తే, ఆ క్షణమే ఈ కాగితం వెనక్కి తీసుకుంటా. ఈలోపు బిగించావో, సస్పెన్షనే. నేను ఆపలేను."

నాలుగు రోజులు గడిచాయి. మిట్ట మీద కుట్టుపని చేసుకునే ఒకావిడ ఉంది. మొగుడు మంచం పట్టాడు. ఆవిడ పల్లంలో పట్టుకున్న రెండు బకెట్ల నీళ్ళతో మిట్ట మెట్లెక్కుతూ ఎనిమిది మెట్లకోసారి ఆగి మోకాళ్ళు పట్టుకోవడం నీళ్ళాయన చూశాడు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. అనుంటే బాగుండేది. ఆ మధ్యాహ్నమే ఆయన పల్లపు వీధిలో గుమ్మం గుమ్మం ఎక్కడం మొదలుపెట్టాడు. ఆయనది మీటల ఫోను, గ్రూపు మొహం కూడా చూడలేదు. తెలిసిన దారి అదొక్కటే.

మొదటి ఇంట్లో రిటైరైన గుమస్తా. "అయ్యో, బిగించవయ్యా! మా డ్రమ్ము నిండి పొర్లిపోతోంది," అన్నాడు.

"మరి వద్దని నొక్కారట కదండీ?"

"అందరూ నొక్కుతున్నారు కదాని నేనూ నొక్కా."

మంగలి మరీ గొంతు తగ్గించాడు. "అన్నా, అందులో ఎవరేం నొక్కారో పేరుతో సహా కనబడుతుంది. అసలు ఎన్నికల్లో అయితే అట్ట చాటున వేసొస్తాం, ఎవడికీ తెలీదు. ఇది నడిబజార్లో చెయ్యెత్తడమే. నా దగ్గర గడ్డం గీయించుకునేవాళ్ళంతా అందులోనే ఉన్నారు. నేనెలా ఎత్తను?"

పొద్దు వాలేసరికి నలభై ఏడు ఇళ్ళయ్యాయి. ఒక్కరూ కాదనలేదు. అందరూ బిగించమన్నవాళ్ళే, అందరూ చివర్లో "నా పేరు మాత్రం చెప్పకు" అన్నవాళ్ళే. నీళ్ళాయనకు ముందు నవ్వొచ్చింది, తర్వాత గుండె బరువెక్కింది. ఎవరికి వారు తామొక్కరే అనుకుంటున్నారు. నలభై ఏడు మంది ఉన్నారన్న సంగతి ఆ వీధి మొత్తంలో తెలిసింది ఆయనొక్కడికే. చెబితే నమ్మేవాళ్ళు లేరు.

చివరి ఇల్లు అక్కది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఉంది.

"నువ్వైనా రాయి అక్కా. ఒక్కరు రాస్తే మిగతావాళ్ళకి ధైర్యమొస్తుంది."

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. "ఒరేయ్, ఆ వీడియో మన గ్రూపులోకి తెచ్చింది నేనేరా. ఎవరో నాకు పంపితే, మిట్టవాడెవడో దొంగచాటుగా తిప్పుతున్నాడనుకుని ఒళ్ళు మండి పంపేశాను. 'వీడి చేతులు పడిపోను' అని కూడా రాశాను. మర్నాడు తెలిసింది నువ్వని. చంకనేసుకుని పెంచినదాన్ని, నీ వీపు గుర్తుపట్టలేకపోయాను. అప్పట్నుంచీ నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు."

నీళ్ళాయన గుమ్మం మీద కూర్చుండిపోయాడు. ఇన్ని రోజులూ ఎవరో పరాయివాళ్ళు చేశారనుకుని ధైర్యంగా ఉన్నాడు. "చేతులు బాగానే ఉన్నాయిలే అక్కా," అన్నాడు చివరికి. "ఇప్పుడు రాస్తావా?"

"భయంరా. అంతమందిలో నేనొక్కదాన్నే..."

"నలభై ఏడిళ్ళవాళ్ళూ ఇదే మాటన్నారు."

"నన్ను ఊరడించడానికి చెబుతున్నావు," అంది ఆవిడ. ఆయన వచ్చేశాడు.

మర్నాడు నీళ్ళు వదిలి, గుంత గట్టున కూర్చుని ముప్పావు గంట ఆగాడు. తర్వాత లేచి తాళంచెవి పల్లం వాల్వు మీదికి దించాడు. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు, ఇంట్లో చదువుకునే కూతురు, కళ్ళముందు బకెట్లు మోసే ఆవిడ. ఒక చుట్టు తిప్పాడు. డాబాల మీద ఫోన్లు లేచాయి. నాలుగో చుట్టు దగ్గర అక్క పరుగులాంటి నడకతో వచ్చి పక్కన నిలబడి తలెత్తి చూసింది.

"అలా పైనుంచి తీస్తే వీపే పడుతుంది! కిందికొచ్చి మొహం తియ్యండి. నాది కూడా తియ్యండి. వీడు నా తమ్ముడు. ఆ వీడియో మన వీధికి తెచ్చింది నేను. ఇప్పుడు బిగించమంటున్నదీ నేనే."

కిందికి ఎవరూ రాలేదు. ఆపమనీ ఎవరూ అనలేదు. గుమస్తా గేటు దాకా వచ్చి, చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. పదకొండో చుట్టు పూర్తయింది. కాసేపటికి మిట్ట మీద బకెట్ల చప్పుడు మొదలైంది.

పది గంటలకు సస్పెన్షన్ కాగితం వచ్చింది. అంతకుముందే అక్కను గ్రూపులోంచి తీసేశారు. ఇద్దరూ ఆవిడ ఇంటి మెట్టు మీద కూర్చున్నారు. వీధంతా ఫోన్లలో మునిగి ఉంది. తమ గురించే రాసుకుంటున్నారని తెలుసు, ఏం రాసుకుంటున్నారో తెలుసుకునే దారి లేదు.

"పద, అడిగొద్దాం," అని అక్క లేచింది.

పక్కింటి తలుపు తీసినావిడ చేతిలో ఫోను వెలుగుతూనే ఉంది. వాళ్ళను చూసి తడబడింది. "మీ గురించే రాస్తున్నా వదినా," అంది.

"ఏమని?"

ఆవిడ ఫోను ఇటు తిప్పి చూపించింది. "మాకు ముప్పావు గంట చాలు. బిగించమని నేనూ చెప్పాను" అని రాసి ఉంది. ఇంకా పంపలేదు.

"పంపనా?" అని అడిగింది.

అక్క నోటి దాకా వచ్చిన మాటను మింగేసింది. ఒకసారి తొందరపడిన మనిషి. పక్కింటావిడ ఇద్దరి మొహాలూ చూసింది, వీధి వైపు ఒకసారి చూసింది, నొక్కింది.