యంత్రం చదవని వరుసలు

పోయిన నెల మా రికార్డింగ్ అన్న చనిపోయారు. ఈ నెల ఇరవై రెండో తేదీన ఆయన రాసిన ప్రోగ్రాం నా పేరు మీద బయటికి రాబోతోంది. ఈ రెండో సంగతి కోసమే ఇప్పుడు రాస్తున్నాను. ఆ తేదీ దాటాక రాస్తే ఎవరికీ పనికిరాదు.

చావు కబురు మా కోచింగ్ సెంటర్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఉప్పల్‌లో బస్సు దిగుతుంటే గుండెనొప్పి వచ్చిందని, దవాఖానాకు చేర్చేలోపే పోయారని మా వాచ్‌మన్ తాత పెట్టాడు. కింద వరసగా దండం బొమ్మలు. వాటి కిందే ఫిజిక్స్ సార్ మెసేజ్: "స్టూడియో టూ సిస్టమ్ పాస్‌వర్డ్ ఎవరికైనా తెలుసా?" దానికి జవాబు ఇచ్చింది నేనే. నాకు తెలుసు కాబట్టి ఇచ్చాను. ఆ తర్వాత ఏడ్చాను.

మాది ఏఎస్ రావు నగర్‌లో పోటీ పరీక్షల సెంటర్. పాఠాలు చెప్పేవాళ్లందరూ అక్కడ 'సార్'లు. ఆ పాఠాలను రికార్డు చేసి, పిల్లల ఫోన్లకు లైవ్‌లో పంపించే ఆయన మాత్రం 'అన్న'. పద్నాలుగేళ్లు పనిచేసినా అన్నే. నేను డిగ్రీ అయ్యాక అక్కడ రిసెప్షన్‌లో చేరాను. నాన్న మల్లాపూర్‌లో ఇనుప సామానుకు రంగు వేసే షెడ్డులో పని చేస్తాడు. అమ్మ వేలిముద్ర వేస్తుంది. మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలు. అందుకో ఏమో, తెలియనిది తెలియదని చెప్పడానికి నాకు చాలా భయంగా ఉండేది.

ఒకరోజు హాజరు పుస్తకం పట్టుకుని స్టూడియోలోకి వెళ్లి, ఆయన కంప్యూటర్ చూసి ఆగిపోయాను. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. బొమ్మల్లేవు, బటన్లు లేవు. మౌసు సొరుగులో పడి ఉంది.

"ఏంది చెల్లె, గట్ల సూస్తున్నవ్? దయ్యం గిట్ల కనవడ్డదా?"

"నాకు ఇంగ్లీషు అంత రాదన్నా. గిది సూస్తె భయమైతుంది."

"దీనికి గూడ రాదు. ముప్పై మాటలొస్తయ్, గంతే. దానికంటె నీకే మస్తు ఎక్కువొచ్చు. కూసో."

కూర్చున్నాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం వేళలో అరగంట అక్కడే.

ఆయన చేసిన పని ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. వీడియోల పని చేసిపెట్టే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. కాని వాటికి మూడు నాలుగు వరుసల పొడుగు ఆజ్ఞలు టైపు చేయాలి. ఒక్క చుక్క తప్పినా కదలవు. ఆయన ఆ ఆజ్ఞలన్నిటినీ ఒక స్క్రిప్టులో, అంటే ఒకే ఫైలులో, వరసగా రాసిపెట్టారు. ఇక మనం టైపు చేయాల్సింది మూడు మాటలే: తీయి, తగ్గించు, పంపు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. 'తీయి' అంటే కెమెరా, మైకు కలిసి రికార్డింగ్ మొదలవుతుంది. 'తగ్గించు' అంటే గంటన్నర పాఠం చిన్న ఫోనులో పట్టేంత అవుతుంది, బోర్డు మీది అంకెలు మాత్రం చెదరవు. 'పంపు' అంటే లైవ్.

ఆ ఫైలులో సగం వరుసలు ఆజ్ఞలు కావు. వాటి ముందు హ్యాష్ (#) గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కనబడితే యంత్రం ఆ వరుసను చదవకుండా దాటిపోతుంది. అవి తర్వాత వచ్చే మనుషుల కోసం. అందరూ అక్కడ ఇంగ్లీషులో ముక్తసరిగా ఏదో రాస్తారు. ఈయన మాట్లాడినట్టే రాసేవారు. నాకు గుర్తున్నవి కొన్నే.

"గీ అంకె ముట్టకుర్రి. ముడ్తె మాట ముందు వోతది, మూతి ఎనక కదుల్తది."

"ఒక ఇంట్ల ఒకటే ఫోను, ఇద్దరు పిల్లలు. రోజు డేటా ఇద్దరికి సాలాలె. గందుకే గింత తగ్గించిన. పోచారం కంప్యూటర్ ఆఫీసుల నెట్ సూసి పెంచకుర్రి."

"కెమిస్ట్రీ సార్ బోర్డు దిక్కు తిరిగి మాట్లాడ్తడు. ఆయన క్లాసుకు సౌండు జర పెంచాలె. ఆయనకు జెప్పకుర్రి."

ఇలాంటి మాటలన్నిటికంటే పైన ఆయన పేరు, ఊరి పేరుగా నాచారం, దాని కింద ఇంకో మాట: "తప్పుంటె ఫోన్ జేసి తిట్టుర్రి. మార్చుకుంటె మార్చుకోర్రి, గని ఎందుకు మార్చిన్రో కింద రాయుర్రి."

అడిగినవాళ్లందరికీ ఆ ఫైలు పెన్‌డ్రైవులో వేసి ఇచ్చేవారు. ఉప్పల్‌లో పెళ్లిళ్లు లైవ్ ఇచ్చే ఫోటోగ్రాఫర్లు తీసుకెళ్లేవారు, బడి టీచర్లు తీసుకెళ్లేవారు. ఎందుకు మార్చారో రాయాలన్నదొక్కటే షరతు. "ఏం జేసినమో మిషిన్‌కు తెలుస్తది. ఎందుకు జేసినమో ఎవనికి తెలుస్తది చెల్లె?" అనేవారు.

ఇక నేను చేసింది చెప్పాలి.

పోయిన ఏడాది డైరెక్టర్ సార్ ఎవరో పెద్దమనుషులకు మా స్టూడియో చూపించాలనుకున్నారు. ముందురోజు నన్ను పిలిచి, "ఆ ఫైలు కొంచెం క్లీన్ చేయమ్మా. ఫోన్ చేసి తిట్టండి ఏమిటి? ఆ ఊరి భాష వాళ్లు చూస్తే మన పరువేం కావాలి?" అన్నారు. అన్నను అడిగి చేస్తాననాల్సింది. అనలేదు. డైరెక్టర్ సార్ నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. హ్యాష్‌తో మొదలయ్యే వరుసలన్నీ ఒక్క దెబ్బలో తీసేసే ఆజ్ఞ నాకు వచ్చు. నేర్పింది ఆయనే. టైపు చేశాను. ఫైలు సగమైంది. నడిపి చూస్తే నడిచింది. ఎంత శుభ్రంగా ఉందో అని కూడా అనుకున్నాను.

నాకు తెలియనిది ఏమిటంటే, ఫైలులో మొట్టమొదటి వరుస కూడా హ్యాష్‌తోనే మొదలవుతుంది. అది మనుషులకు రాసిన మాట కాదు. ఈ ఫైలును ఏ ప్రోగ్రాంతో నడపాలో యంత్రానికి చెప్పే వరుస. మనం చేత్తో నడిపితే అది లేకున్నా నడిచిపోతుంది. కాని పొద్దున ఆరింటి పాఠాన్ని యంత్రం తనంతట తానే మొదలుపెడుతుంది. మర్నాడు మొదలుపెట్టలేకపోయింది. ఆ పెద్దమనుషులు తమ ఫోన్లలో చూస్తామన్న పాఠం అదే.

డైరెక్టర్ సార్ అందరి ముందు ఆయన్ని నిలబెట్టారు. "ఇన్నేళ్ల మీ గొప్పతనం ఇదేనా? పొద్దున లేచి ఒకసారి చూసుకోవాలని లేదా?"

ఆయన ఫైలు తెరిచి పైనుంచి కిందికి చూశారు. నా వైపు చూడలేదు. "నాదే గలతి సార్. సూస్కోవాల్సిండె" అన్నారు. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. తీసింది నేనని చెప్పలేదు.

మధ్యాహ్నం మెట్ల మీద టిఫిన్ డబ్బా విప్పుతూ అప్పుడు అన్నారు: "మొదటి లైను మిషిన్‌ది చెల్లె. మిగిలినయి మన్సులయి. మిషిన్‌ది పోతె పొద్దుగాలనే తెలిసింది. మన్సులయి పోయినయని ఎవ్వనికి తెల్వలే."

"పాత ఫైలు నీ దగ్గరుంటది గదన్నా. మళ్ల పెడ్త."

"వద్దు. సారే తీసెయ్యమని ఉంటడు, నువ్వు తీసినవ్. మళ్ల పెడ్తె నీ నౌకరి వోతది. తిను ముందు." తన పచ్చిపులుసు సగం నా డబ్బాలో పోశారు. తిట్టి ఉంటే బాగుండేది.

నెల తిరక్కముందే ఆయన్ని కింది అంతస్తులో నోట్సు జిరాక్సు తీసే గదికి మార్చారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. మా ఇంట్లో మిఠాయి పంచారు. నాన్న షెడ్డులో అందరికీ చెప్పుకున్నాడు. అది ఎవరి కుర్చీయో, ఎలా ఖాళీ అయిందో నేను ఇంట్లో చెప్పలేదు. స్టూడియోలో ఏది ఆగిపోయినా ఆయనే మెట్లెక్కి వచ్చేవారు. పక్కన స్టూలు వేసుకుని సరిచేసి, ఎందుకు ఆగిందో నాకు చెప్పి దిగిపోయేవారు. నేను లేచి నిలబడినా ఆ కుర్చీలో ఒక్కసారీ కూర్చోలేదు.

ఆయన పోయిన పదకొండో రోజున నాచారంలో వాళ్ల ఇంటికి వెళ్లాను. వదిన చాప వేసి కూర్చోబెట్టింది.

"ఆఫీసోళ్లు వచ్చి లాప్‌టాప్ తీస్కపోయిన్రు చెల్లె. ఆఫీసుదే గదా అన్నరు. సంచిల పెన్‌డ్రైవులుంటె గవి గూడ వట్టుకపోయిన్రు. ఛార్జర్ మర్సిపోయిన్రు, గదిగో." ఆ ఛార్జర్ తీగ చుడుతూ అడిగింది: "గిన్నేండ్లు ఏం పని జేసిండో నాకు సమజ్ గాలే. వీడియోల పని అనెటోడు. పెండ్లి వీడియోల మీద తీసినోని పేరు పడ్తది గదా. గట్ల ఈయన పేరు యాడన్న పడ్తదా?"

"పడ్తది వదినా" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో తెలియదు.

ఆ మరుసటి వారమే డైరెక్టర్ సార్ నా ముందు ఒక కాగితం పెట్టారు. ఆ స్క్రిప్టును మిగతా సెంటర్లకు కూడా ఇస్తారట. రూపొందించినవారు అన్నచోట నా పేరుంది. కింద సంతకం చేయాలి.

"సార్, ఇది అన్న రాసింది."

"ఫైలులో ఆయన పేరు ఎక్కడుందమ్మా? చూపించు."

"నేనే తీసేశాను సార్. మీరు చెప్తే."

"అయితే పేరున్న ఫైలు తీసుకురా. ఇరవై రెండులోగా తెస్తే ఆయన పేరే వేద్దాం. వచ్చే అదృష్టాన్ని వద్దనే మనిషిని నిన్నే చూస్తున్నా!" అని నవ్వారు. లాప్‌టాప్, పెన్‌డ్రైవులు అడిగితే అప్పటికే తుడిచేసి వేరేవాళ్లకు ఇచ్చేశామన్నారు. సంతకం చేయనని చెప్పాను. చేయకపోతే 'మా సాంకేతిక బృందం' అని వేస్తారట. అది కూడా నేనే కదా.

ఏదైనా దొరుకుతుందేమోనని స్టూడియోలో పాత రికార్డింగులు, సైజు తగ్గించకముందువి, ఒక్కొక్కటే తెరిచాను. ప్రతిదాని మొదట్లో ఆయన ఉన్నారు. మాట, బొమ్మ కలిశాయో లేదో తెలియడానికి కెమెరా ముందుకు వచ్చి, ఒక్కసారి చప్పట్లు కొట్టి, పక్కకు తప్పుకుంటారు. 'తగ్గించు' అనగానే ఆ మొదటి కొన్ని సెకన్లు తెగిపోతాయి. అలా కోసేయమని రాసిందీ ఆయనే. అందుకే పాఠం విన్న ఏ పిల్లలూ ఆయన్ని చూడలేదు. ఒక్కో ఫైలు దాటుతుంటే చొక్కా మారుతుంది, కళ్లద్దాలు వస్తాయి, జుట్టు తెల్లబడుతుంది. చప్పట్లు కొట్టి తప్పుకుంటూనే ఉంటారు.

ఆయన పేరు నేనిక్కడ రాయడం లేదు. అది ఆయన రాసుకున్న చోటే కనబడాలి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వైపు పెళ్లిళ్లు, పాఠాలు, భజనలు లైవ్ ఇచ్చేవాళ్లలో ఎవరి దగ్గరైనా తీయి, తగ్గించు, పంపు అన్న మూడు మాటలతో నడిచే ఫైలు ఉంటే దయచేసి తెరిచి చూడండి. పైన ఒక పేరు, ఫోన్ చేసి తిట్టమన్న మాట ఉంటే అది ఆయనదే. ఏమీ దిద్దకుండా, మీరు కింద రాసుకున్న కారణాలతో సహా, ఈ పత్రిక చిరునామాకు పంపండి. మీ దగ్గరున్నది నాలాగే ఎవరో శుభ్రం చేసినదైతే, లేదనే రాయండి. ఇంకొకరిని అడుగుతాను. ఏ సంగతైనా ఇరవయ్యో తేదీలోగా నాకు మీ జవాబు కావాలి.